మందుకల్లు

తెలుగున మందను మాటకు వాడుకలో మూడర్థములున్నవి. వైద్యుడిచ్చునది మందు, తుపాకిలో కూరునది మందు, సారాయంగడిలో నమ్మునదియు మందే. వికారాబాదు, తాండూరు ప్రాంతముల పల్లెలలో నీ మాటకు నాలుగవ యర్థ మొకటి యేర్పడి కల్లునకు ముందు చేరినది. చెట్టునుండి దించినది చెట్టుకల్లు. డిపోలో కలిపి సీసాల కెత్తినది మందుకల్లు. ఈ భేదము త్రాగువారికి చక్కగ తెలియును. తెలియనివారము మా వంటి చదువుకొన్నవారమే. ఇరువది యేండ్లుగ బడిలోను, సభలలోను మద్యపానమును ఖండించుచు వచ్చిన మేము, కల్లనిన కల్లే యనుకొంటిమి. ఒక యిల్లాలు మా హితబోధను విని ప్రాణముమీదికి తెచ్చుకొన్న పిదప గాని ఆ కల్లుకుండలో నేమున్నదని మేము విచారింపలేదు. ఆ విచారణలో తెలిసికొన్న చరిత్రను చదువరుల ముందుంచుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదట చెట్టుకల్లు సంగతి. మన తెలంగాణములో కల్లునకు తాడి, ఈత యను రెండు చెట్లాధారము. ఈతచెట్టునకు మొవ్వు దాపున మానును చెక్కుదురు. తాటిచెట్టునకు గెలను గీయుదురు. గౌడు మోకు వేసికొని, నడుమున గీతకత్తులు కట్టుకొని, దినమునకు రెండు మారులు చెట్టెక్కవలెను. కాలు జారినచో బ్రతుకు పోవును, లేదా నడుము విరిగి మంచమున పడును. కుండలో పడు రసము తియ్యనిది. కుండలోపల సున్నము పూసినచో నది నీరాగ నిలుచును. సున్నము లేనిచో గాలిలోను, కుండ యంచులలోను నుండు సూక్ష్మజీవులు రసములోని చక్కెరను మద్యసారముగ మార్చివేయును. ఈ పులియుటకు జీవులే కారణమని 1857 మొదలు పరిశోధించి లోకమునకు చూపినవాడు ఫ్రాన్సు దేశపు పాశ్చరు. పులిసిన కల్లులో మద్యసారము నూటికి నాలుగైదు పాళ్లుండును. అంతకు మించి నిలువయుంచిన నది పులుపెక్కి, మరునాటికి నోటపెట్టరానిదగును. చెట్టుకల్లున కీ పులుపే యొక హద్దు. ఎంత పోసికొన్నను నొక దినపు సరకు నొక దినమే యమ్మవలెను. ఎన్ని చెట్లున్నవో యంతయే దిగును.

ఇందుచే చెట్టుకల్లు నిర్దోషమని మేమనుట లేదు. దానివలన చెడిన సంసారములను మేమెరుగుదుము. అయినను నది పల్లెబ్రతుకులో నొక భాగమై యుండెను. ఎల్లమ్మకు సాక పోయుట మొదలు పెండ్లి, చావు, పండుగ యన్నింటను దానికొక స్థానముండెను. ఆడవారును బహిరంగముగనే త్రాగుదురు; కోస్తా జిల్లాలనుండి వచ్చిన మా స్నేహితు డొకడు మొదట నిది చూచి నివ్వెరపోయెను. ఆ నివ్వెరపాటులో కొంత కులీనుల గర్వమును గలదని మా యభిప్రాయము.

ఇక ప్రభుత్వమునకును మద్యమునకును గల చుట్టరికము చాల పాతది. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున సురాధ్యక్షుడను నధికారికి ప్రత్యేకముగ నొకయధ్యాయమునే కేటాయించెను. పానశాలలలో నాసనములు, పుష్పములు, సుగంధములు, ఋతువునకు తగిన సుఖములు నుండవలెనట. త్రాగువాడు తన సంపాదనకు మించి వెచ్చించుచున్నాడేమో చారులు కనిపెట్టవలెనట. ఉత్సవములకును యాత్రలకును నాలుగు దినములపాటు సడలింపు. వీనినన్నిటిని చదివి మేమాయన దక్షతకు మెచ్చుకొంటిమి. కాని యొక్కచోట మాత్రము మా చూపు నిలిచిపోయినది. చెడిపోయిన సురను దాసులకును కూలివారికిని కూలిగ నీయవచ్చునని, లేనిచో పశువులకు పోయవచ్చునని, పందులను మేపవచ్చునని యాయన వ్రాసెను. చెడిన సరకు కడపట చేరునది పనివాని నోటికే యను మాట రెండువేల యేండ్లనాటి గ్రంథమున నింత నిస్సంకోచముగ నుండుట చూడ, తాండూరు డిపోల వెనుకటి చరిత్ర యెంత దూరము పోవునో మాకు తోచినది.

నిజాము రాజ్యమున ఆబ్కారీ రాబడి భూమిశిస్తు తరువాత లెక్కింపదగిన పెద్ద యాదాయములలో నొకటి. ఈతకల్లును సేందియని పిలుచుచు, దానిని దించుటకును నమ్ముటకును గుత్తల కిచ్చెడివారు. 1316 ఫసలీలో హైదరాబాదు ఆబ్కారీ చట్టమేర్పడినది. నేటి వికారాబాదు జిల్లా యప్పటికి లేదు. అది 2016 అక్టోబరులో నేర్పడినది. తాండూరు 1956 వరకు గుల్బర్గా జిల్లాలోని తాలూకా. రాష్ట్రముల పునర్విభజనలో మనవైపు వచ్చినది. వికారాబాదు పట్టణమునకు పేరిచ్చిన వికారుల్ ఉమ్రా పైగా వంశీయుడు, నిజామునకు ప్రధానమంత్రిగ పనిచేసినవాడు. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు వేసిన రైలుదారి యీ రెండూళ్ల మీదుగనే పోయినది. రైలు వచ్చిన పిమ్మట తాండూరి నాపరాయికి దూరదేశముల గిరాకి కలిగెను. రాతిగనులు, రాయికోసి నునుపుచేయు కార్ఖానాలు వెలసెను. ఎండలో రాయి మోసి, దుమ్ము మ్రింగి, సాయంకాలమునకు నడుము వంగని కూలిజనము వేలసంఖ్యలో నొకచోట చేరెను. అందరికి దాహమే, అందరికి నొళ్లు నొప్పులే. చెట్లు మాత్రము పెరుగలేదు. పొలములకై, కట్టెలకై తరుగుచునే వచ్చినవి.

ఆ కాలపు సంస్కర్తలు మద్యమును గూర్చి మాటాడకపోలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఆదిహిందువుల వాడలలో తిరిగి త్రాగుడు మానుడని బోధించెను. పొరుగున మదరాసు రాజధానిలో రాజగోపాలాచారి ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించి, మరుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించెను. వారి త్యాగమునకు మేము చేతులు జోడింతుము. అయినను నా నాటి వ్యాసములు, ఉపన్యాసములు చదివినప్పుడు మాకొక లోపము కనబడుచున్నది. మాటలన్నియు త్రాగువానితోనే. గుత్తదారునితో, గుత్త పాడించిన ప్రభువుతో మాటాడినవి తక్కువ. మందుకల్లు పుట్టుకకు మూలము త్రాగువాని వ్యసనమున కంటె గుత్త లెక్కలోనే యెక్కువగ నున్నదని మేము తలచుచున్నాము.

ఆ లెక్క యిట్టిది. అమ్ముకొను హక్కునకు గుత్తదారు కట్టవలసిన సొమ్ము ముందే నిర్ణయమైనది. వర్షములు లేక చెట్టు పాలుదీసినను, ఈతవనము నరికిపోయినను నా సొమ్ము తగ్గదు. కూలిజనము పెరిగెను; అంగడికి వచ్చు గిరాకి పెరిగెను; దిగు కల్లు పెరుగలేదు. కావున మొదట నీళ్లు కలిపిరి. నీళ్లు కలిపిన కల్లు తియ్యగ నుండదు గనుక శాక్రిను వేసిరి. తియ్యదనము వచ్చినను నిషా రాదు గనుక, నిషాకై పొడి వేసిరి. ఒక్కొక్క మెట్టునకు నొక్కొక్క కారణము. ఏ మెట్టునందును నెవ్వడును తానొక క్రొత్త మాదకద్రవ్యమును జనులమీదికి వదలుచున్నానని తలచియుండడు. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము వచ్చెను. గీతకార్మికుల సహకారసంఘము లేర్పడెను. చెట్టుపేర గీతగానికే లైసెన్సు నిచ్చు పద్ధతియు వచ్చెను. గీతవానికి మేలు చేయవలెనను నుద్దేశము మంచిదే. కాని చెట్టే లేనిచోట లైసెన్సు కాగితము మిగిలి, దాని వెనుక డిపో మిగిలినది. మోకు, ముస్తాదు నెరుగని పెట్టుబడిదారులు పలుచోట్ల నా డిపోలను నడపించిరి. గీతగాండ్రు చెడ్డపేరు మోసిరి.

ఆ పొడి యేమి? మొదటిది క్లోరల్ హైడ్రేటు. పల్లెలలో దీనిని సీహెచ్ అందురు. దీనిని 1832లో జర్మనీ రసాయనజ్ఞుడు లీబిగు మొదట తయారుచేసెను. 1869లో లీబ్రైకు దీనికి నిద్ర పుట్టించు గుణము గలదని కనిపెట్టెను. ఆనాటి యూరపున నిది నాగరికుల నిద్రమందు. ఆంగ్లకవియు చిత్రకారుడునగు రోసెటీ నిద్రలేమికి దీనిని మొదలుపెట్టి, మానలేక, దేహమును మనస్సును చెడగొట్టుకొని 1882లో మరణించెను. లండను పడకగదులలోనుండి తొలగిన యీ మందు తాండూరి కూలివాని సీసాలో ప్రవేశించుటకు నూరేండ్లు పట్టినది. రెండవది డైజిపాం, పత్రికలలో డైజోఫాం అని పడుచుండును. ఇది 1963లో వేలియం అను పేర నంగళ్లకు వచ్చినది. మూడవది 1981లో వచ్చిన అల్ప్రజోలం. ఇవి భయమునకు, నిద్రలేమికి, మూర్ఛకు వైద్యులు కొలిచి యిచ్చు మందులు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద డైజిపాము, అల్ప్రజోలము రెండును నిబంధనలకు లోబడినవే. అయినను దొంగచాటుగ తయారైన అల్ప్రజోలమును ఎక్సైజు, పోలీసు శాఖలు తెలంగాణములో పలుమార్లు పట్టుకొన్నవి. అరచేతి పొడితో డిపో యంతటికి నిషా వచ్చునప్పుడు, పట్టుబడినదానికంటె పట్టుబడనిదే యెక్కువ యని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇవి దేహమున చేయు పని తెలిసికొననిదే మిగిలిన కథ బోధపడదు. మన మెదడులో నరముల వేగమునకు కళ్లెము వంటి రసాయన మొకటి గలదు. శాస్త్రజ్ఞులు దానిని గాబా యందురు. ఈ మందులు ఆ కళ్లెమును మరింత బిగించును. భయము తగ్గును, నొప్పి మరుపునకు వచ్చును, నిద్ర పట్టును. దినదినము నిట్లు బిగించినచో మెదడు తన సొంత కళ్లెమును సడలించుకొని, పై మందుమీదనే యాధారపడును. అప్పుడొకనాడు మందు తటాలున నిలిచినయెడల గుర్రము త్రాడు తెంచుకొనును. చేతులు వణకును, నిద్ర పోవును, లేనివి కానవచ్చును, వినబడును, మూర్ఛలు వచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. చెట్టుకల్లు మానినవానికి మూడు నాళ్లు చిరాకు పుట్టిన పుట్టవచ్చును. మందుకల్లు మానినవాని స్థితి వేరు. వాడు త్రాగుబోతు పేర పిలువబడుచున్న నిద్రమందు రోగి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. అక్షరదీపపు పాఠములలో మొలకెత్తిన యా యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరులో సారాయి నిషేధమైనది. 1995 జనవరిలో నందమూరి తారకరామారావు ప్రభుత్వము సంపూర్ణ నిషేధము ప్రకటించెను. 1997లో నది సడలింపబడెను. ఈ గొప్ప చరిత్రను పిల్లలకు చెప్పునపుడు మా కంఠము గద్గదమగును. అయినను నొక చిన్న సంగతిని పెక్కుమంది మరతురు. 1995 నిషేధమునకు కల్లు వెలియైనది. కల్లు చెట్టుది, పేదవానిది, కులవృత్తికి జీవము అను కారణములు చెప్పబడినవి. ఆ కారణములు చెట్టుకల్లునకు చెల్లును. ఆ నీడను మందుకల్లును సుఖముగ నిలిచినది. పేరొక్కటియగుట చేత చట్టమునకు రెండును నొక్కటియే యైనవి.

2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప, పదేండ్లుగ మూతబడియున్న హైదరాబాదు నగరపు కల్లుదుకాణములు మరల తెరువబడెను. మరుసటి యేడు సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీకల్లుపై తీవ్రముగ దాడులు సాగించెను. మహబూబ్‌నగరు, నిజామాబాదు, మెదకు, రంగారెడ్డి జిల్లాలలో పొడి యందక కల్లు పలుచనైనది, లేదా డిపోయే మూతబడినది. నాలుగైదు దినములలో ఆసుపత్రులు నిండెను. మనుష్యులు గోడలు ప్రాకిరి, బట్టలు చింపుకొనిరి, అయినవారిని గుర్తుపట్టలేదు, మంచములకు కట్టివేయబడిరి. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బండ్లలో తీసికొనిపోయిరి. కొందరు మరణించిరి. దాడులు చేయుట తప్పని మేమనము. విషమమ్మువానిని పట్టుకొనకుండుట యెట్లు? కాని యా విషము దేహములలో నెన్నియేండ్లుగ నున్నదో యెరిగిన ప్రభుత్వము, అంగడి మూయుటకు ముందు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో వైద్యమును సిద్ధపరచియుండవలసినది. క్రమము తలక్రిందులైనది.

ఎక్కువైనను ప్రమాదమే, తక్కువైనను ప్రమాదమే యను సంగతి యటుపిమ్మట మరల రుజువైనది. 2021 జనవరిలో వికారాబాదు, నవాబుపేట మండలముల గ్రామములలో కల్లు త్రాగినవారు నూరుమందికి పైగ నొక్కమారుగ తల తిరిగి, వాంతులై, స్పృహ తప్పి యాసుపత్రుల పాలైరి. 2025 జూలైలో హైదరాబాదు కూకటుపల్లి ప్రాంతమున కల్తీకల్లు వలన పలువురు మరణించిరి. పొడి కలుపువానికి త్రాసు లేదు, వైద్యుని లెక్క లేదు. చేతికి వచ్చినంత వేయును. నేటి సీసాకును రేపటి సీసాకును పొంతన యుండదు.

మా తప్పును చెప్పుట కిది చోటు. 2015 నాటికి మేము తాండూరున నుపాధ్యాయులము. మా తరగతిలో చదువు బాలుని తల్లి రాతి పాలిషు కార్ఖానాలో కూలిచేయుచుండెను. భర్త లేడు. ప్రతి సాయంకాలము రెండు మూడు సీసాలు త్రాగునని బాలుడే మాతో చెప్పుకొని యేడ్చెను. మేమామెను పిలిపించి, బిడ్డ భవిష్యత్తును గూర్చి గంటసేపు మాటాడి, ఇక ముట్టనని వాని నెత్తిమీద చేయి వేయించి యొట్టు పెట్టించితిమి. ఆమె నిజముగనే ముట్టలేదు. డిపోలో పొడి తగ్గిన వారమదియే; మాకది తెలియదు. మూడవనాడు బడి గుమ్మమువద్ద కనబడినది. చేతులు వణకుచున్నవి.

"సారూ, మూడు రాత్రులయె కన్ను మూతబడలే. గోడెంబడి చీమలు పారుతున్నయి. పిల్లగానికి కనవడ్తలేవంటడు. జెరంత తాగితె తక్కువైతదేమో సారూ?"

మేమేమంటిమి? మనస్సు గట్టిచేసికొమ్మంటిమి, ఒట్టు గుర్తుచేసితిమి, ఇంక రెండు దినములు గడచిన తీరిపోవునని ధైర్యము చెప్పితిమి. మెచ్చుకొంటిమి కూడ. ఆ రాత్రి యామెకు మూర్ఛ వచ్చెను. తెల్లవారులోపల మరి రెండు మారులు వచ్చెను. ఇరుగుపొరుగువారు, మేము కలిసి హైదరాబాదునకు కొనిపోతిమి. అక్కడ వయసుమళ్లిన వైద్యుడొకడు ఆమెను తిట్టలేదు, నీతి చెప్పలేదు. "రోజూ ఎన్ని సీసాలమ్మా? ఎన్నేండ్ల నుంచి?" అని రెండు ప్రశ్న లడిగెను. ఆ రెండు ప్రశ్నలు మాకు తోచలేదు. ఎవరు మాన్పించినారని యాయన యడిగినపుడు బాలుడు మా ముఖము చూచెను. మేము నిజము చెప్పితిమి.

వైద్యుడామెకు నదే జాతి మందును కొలిచి యిచ్చి, మూర్ఛలు నిలిచిన పిమ్మట వారమువారము తగ్గించుచు వచ్చెను. మానవలసిన మందునే యిచ్చుట చూచి మొదట మేమాశ్చర్యపడితిమి. ఇంటికి వచ్చి చరకసంహిత తీసితిమి. మదాత్యయ చికిత్స యంతయు మేము విద్యార్థిదశలో చదివినదే. కాని మాకు కావలసినది సూత్రస్థానమున నున్నది. అలవాటుపడిన యహితమును బుద్ధిమంతుడు క్రమముగ, పాదము చొప్పున, నడుమ దినములు విడుచుచు మానవలెనని చరకుడచ్చట చెప్పెను. ఆ భాగము మాకు కంఠస్థమే. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నదే. గుమ్మము ముందు వణకుచు నిలిచిన మనిషిని చూచినపుడు మాత్రమది జ్ఞప్తికి రాలేదు. ఒట్టు జ్ఞప్తికి వచ్చినది.

ఆమె పది దినములకు తాండూరు తిరిగివచ్చెను. మాత్రల పొట్లము కొడుకు చేతికి వైద్యుడప్పగించెను. తల్లికి చదువు రాదు. నెల దాటిన పిదప మేము వాని లెక్కల పుస్తకము దిద్దుచుండగ, భిన్నముల పాఠమున సగము లెక్కలు వదలివేసియుండెను. మందలింపబోయి కడపటి పుట తిప్పితిమి. అచ్చట వారముల పేర్లు వరుసగ వ్రాసి, వాని కెదురుగ ఒకటి, మూడుపాళ్లు, సగము, పావు అని వేసికొని, ఇచ్చిన మాత్రకెల్ల నొక గీత కొట్టియుండెను. ఆ పుటలో నొక్క తప్పును లేదు. పావు కెదురుగ నింకను నాలుగు గీతలు మిగిలియుండెను.